నాలుగెకరాల మామిడి తోటకు పాత చిన్న ట్రాక్టర్ కొనవచ్చా?

మీరు తిరుపతిలో ఉద్యోగం చేస్తున్నారు. దామలచెరువు దగ్గర మీ నాన్నగారికి నాలుగెకరాల తోతాపురి తోట ఉంది. 1998 మోడల్, 25 హార్స్‌పవర్, రెండు సిలిండర్ల ట్రాక్టర్ ఒకటి లక్షా అరవై వేలకు ఇస్తామంటున్నారు. కొనవచ్చా, కొనే ముందు ఏం చూడాలి, కొన్నాక మెకానిక్ మీద ఆధారపడకుండా మనమే చూసుకోగలమా అని అడిగారు.

కొనవచ్చు. మీ తోటకు ఆ బండి సరిపోతుంది. అయితే రెండు షరతులు. ఇన్నేళ్ళూ ఇంజిన్‌లోకి దుమ్ము పోకుండా నడిపిన బండి అయి ఉండాలి. కాగితాలు సక్రమంగా మీ పేరు మీదికి మారేలా ఉండాలి. ఈ రెండింటిలో ఏది లేకపోయినా లక్షకు ఇచ్చినా వద్దనండి. రెండూ ఉంటే కొనండి, కానీ చేతిలో ఉన్నదంతా ధరకే పెట్టేయకండి. మొదటి రెండు నెలల్లో పడే పనులకు కనీసం నలభై వేలు పక్కన ఉంచుకోండి. పాత బండికి ఆ ఖర్చు తప్పదు. ధరలో దాన్ని కలుపుకొనే బేరం ఆడాలి.

నేను చిత్తూరులో ట్రాక్టర్ షెడ్డులో పదమూడేళ్ళు పనిచేశాను. ఇప్పుడు కాణిపాకం పక్కన మా ఐదెకరాలు చేసుకుంటున్నాను. నా బండి 1994 మోడల్. 2011లో కొన్నాను, ఈ రోజు పొద్దున కూడా దానితోనే దున్నాను. కింద రాసేది షెడ్డులో చూసినదీ, నా బండి నాకు నేర్పినదీ.

ముందు డబ్బు లెక్క చూద్దాం. నాలుగెకరాలకు ఏడాదికి మూడు దుక్కులు వేసుకున్నా మొత్తం పదిహేను గంటల పని. మా వైపు అద్దె బండికి గంటకు 1,200 రూపాయలు తీసుకుంటున్నారు, అంటే ఏడాదికి పద్దెనిమిది వేలు. ఒక్క దుక్కి కోసమే అయితే అద్దె బండే నయం. సొంత బండి కావలసింది పదును కోసం, అంటే దున్నడానికి వీలైన తడి నేలలో ఉండగానే పని ముగించడం కోసం. మన ఎర్ర గరప నేలల్లో వాన పడ్డాక పదును రెండు మూడు రోజులకు మించి నిలవదు. ఆ రెండు రోజుల్లోనే మండలమంతా ట్రాక్టర్ కావాలంటుంది, మీ వంతు వచ్చేసరికి నేల మళ్ళీ గట్టిపడుతుంది. పూత సమయంలో మందు పిచికారీ కూడా అంతే. తేనెమంచు పురుగు కనిపించిన రోజు కొట్టిన మందుకూ వారం తర్వాత కొట్టిన మందుకూ కాపులో ఎంత తేడా వస్తుందో మీ నాన్నగారికి తెలిసే ఉంటుంది. 25 హార్స్‌పవర్ బండి వెనక పీటీఓతో, అంటే ఇంజిన్ బలంతో బండి వెనక తిరిగే షాఫ్టుతో, నడిచే స్ప్రేయర్ హాయిగా నడుస్తుంది. ఎండాకాలంలో చిన్న మొక్కలకు నీళ్ళ ట్యాంకరూ లాగుతుంది. ఈ పనులన్నీ ఉంటేనే కొనండి. అద్దెకు తిప్పి సంపాదించాలన్న ఆలోచన ఉంటే మాత్రం మానుకోండి. పాత చిన్న బండిని పరాయి పొలాల్లో రోజంతా నడిపితే ఒక్క సీజనులోనే ఇంజిన్ విప్పి బాగుచేయవలసి వస్తుంది.

మామిడికి చిన్న బండే మంచిదని నా గట్టి అభిప్రాయం. పాత తోతాపురి చెట్ల కొమ్మలు కాయ బరువుకు నేల దాకా వంగుతాయి. పెద్ద బండి తీసుకెళితే నిలువు సైలెన్సర్ కొమ్మలను చీలుస్తుంది, పొగ వేడికి ఆకు మాడుతుంది. చిన్నదైతే చెట్టు నీడ అంచు దాకా వెళ్ళి తిరిగి రావచ్చు. ఐదు చెక్కల కల్టివేటర్ కానీ, నాలుగడుగుల లోపు రోటావేటర్ కానీ చాలు. తొమ్మిది చెక్కల గొర్రు తగిలించి ఇంజిన్‌ను ఏడిపించకండి.

ఇక చూడటానికి వెళ్ళినప్పుడు. పొద్దున్నే, చెప్పకుండా వెళ్ళండి. చెప్పి వెళ్ళక తప్పకపోతే, మీరు వచ్చే దాకా స్టార్ట్ చేయవద్దని కోరండి. వెళ్ళగానే ఇంజిన్ మీద చెయ్యి పెట్టి చూడండి. వెచ్చగా ఉంటే ముందే వేడి చేసి పెట్టారన్నమాట, మర్నాడు మళ్ళీ వెళ్ళండి. పాత ఇంజిన్ అసలు తీరు చల్లగా ఉన్నప్పుడే బయటపడుతుంది.

స్టార్ట్ చేసే ముందే చేయవలసిన పరీక్ష ఒకటుంది. మిగతావన్నీ ఒక ఎత్తు, ఇదొక ఎత్తు. పాత బండ్లలో ఎయిర్ క్లీనర్ ఆయిల్ గిన్నె రకంగా ఉంటుంది. బయటి గాలి ఆ గిన్నెలోని ఆయిల్ మీదుగా పోయి, దుమ్మును అక్కడ వదిలి, లావుపాటి రబ్బరు గొట్టం గుండా ఇంజిన్‌లోకి వెళుతుంది. ఆ గొట్టానికి ఉన్న క్లిప్పు వదులు చేసి, ఇంజిన్ వైపు కొసను ఊడదీయండి. చూపుడు వేలు లోపల పెట్టి చుట్టూ తిప్పి బయటికి తీసి చూడండి. వేలు శుభ్రంగా వస్తే, లేదా కాస్త ఆయిల్ జిడ్డు మాత్రమే అంటితే మంచిది. ఎర్రటి మెత్తని పొడి, కుంకుమ అంటుకున్నట్లు వేలి గీతల్లో నిలిచిందంటే, ఆ ఇంజిన్ ఏళ్ళ తరబడి మట్టి తిన్నదని అర్థం. లైనర్లు (పిస్టన్ ఆడే సిలిండర్ లోపలి గొట్టాలు), పిస్టన్ రింగులు అరిగిపోయి ఉంటాయి. అప్పుడు ధరలోంచి పూర్తి ఇంజిన్ పని ఖర్చు తగ్గించుకోవాలి, లేదా నమస్కారం పెట్టి వచ్చేయాలి.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. షెడ్డులో ఉన్నప్పుడు ఒక రైతు వేరుశనగ అమ్మిన డబ్బుతో ఇంజిన్ మొత్తం చేయించుకున్నాడు. కొత్త లైనర్లు, పిస్టన్లు, రింగులు, బేరింగులు అన్నీ వేశాం. ఎనిమిది నెలలకే నీలం పొగతో తిరిగి వచ్చాడు. మా పనిలోనే తప్పు ఉందని అతని అనుమానం, మాకూ అదే భయం. విప్పి చూస్తే రింగులు రేకుల్లా పలచబడి ఉన్నాయి. చివరికి దొరికింది ఆ రబ్బరు గొట్టం అడుగున, చూపుకు అందని చోట, వేలెడంత చీలిక. అప్పట్లో రెండు వందలు కూడా పలకని గొట్టం. ఇంజిన్ విప్పినప్పుడు దాన్ని మేమెవరం వంచి చూడలేదు. రెండోసారి మజూరీ మేం తీసుకోలేదు కానీ, సామాన్ల ఖర్చు ఆ రైతు మీదే పడింది. ఆ తర్వాత నేను ముట్టుకున్న ప్రతి బండికీ మొదట ఆ గొట్టాన్నే వంచి చూశాను.

ఆ పరీక్ష అయ్యాక స్టార్ట్ చేయించండి. చల్లటి ఇంజిన్ కొద్దిగా తెల్ల పొగ వదిలి రెండు మూడు నిమిషాల్లో తేరుకుంటే ఫరవాలేదు. వేడెక్కాక కూడా తెల్ల పొగ ఆగకపోతే డీజిల్ చిమ్మే నాజిల్ చెడిందనో, నీళ్ళు సిలిండర్‌లోకి దిగుతున్నాయనో అనుమానించాలి. నీలం పొగ వస్తే ఆయిల్ కాలుతోంది. బరువు లాగేటప్పుడు కాస్త నల్ల పొగ సహజం, ఊరికే నిలబడి ఉన్నప్పుడు వస్తే కాదు. ఇంజిన్ నడుస్తుండగా ఆయిల్ పోసే మూత తీసి చూడండి. సన్నగా ఆవిరి కనిపిస్తే సరే. బీడీ తాగి వదిలినట్లు గుప్పుగుప్పున పొగ కొడుతుంటే రింగుల పని అయిపోయింది. ఇంజిన్ ఆపి, ఆయిల్ మట్టం చూసే పుల్ల, అదే డిప్ స్టిక్, తీయండి. ఆయిల్ పాలు కలిపిన టీ రంగులో ఉంటే నీళ్ళు కలిశాయి. ఉండవలసిన గీత కన్నా పైకి ఉండి, డీజిల్ వాసన వస్తుంటే ఫీడ్ పంపులోనో డీజిల్ పంపులోనో లీకు ఉంది. ఆయిల్ నిండుగా ఉందని చూసి సంతోషించకండి.

తర్వాత నడిపి చూడండి. ప్రతి గేరులోనూ కొంత దూరం వెళ్ళి యాక్సిలరేటర్ ఒక్కసారిగా వదలండి, గేరు జారి న్యూట్రల్‌లో పడకూడదు. కల్టివేటర్ తగిలించి లిఫ్ట్ పైకి లేపి ఇంజిన్ ఆపండి. మెల్లగా దిగుతుంటే పాత బండికి అది మామూలే, ఐదు నిమిషాల్లో నేలకు ఆనిందంటే హైడ్రాలిక్ పని ఉంది. ముందు ఇరుసు కింద జాకీ పెట్టి చక్రాన్ని పట్టుకొని ఊపండి, బుష్షులు, కింగ్‌పిన్లు (ముందు చక్రం పక్కకు తిరిగే మేకులు) ఎంత వదులయ్యాయో తెలుస్తుంది. వెనక చక్రాల లోపలి వైపు ఆయిల్ తడి ఉంటే ఇరుసు సీలు పోయింది, ఆ ఆయిలే బ్రేకు లైనింగుల మీదికి చేరుతుంది. టైరు పక్కన అచ్చు వేసిన నాలుగంకెల సంఖ్య చూడండి. మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరం. గుబ్బలు బాగున్నాయని మురిసిపోతే లాభం లేదు. పదేళ్ళు ఎండలో నిలిచిన రబ్బరు పక్కలు పగిలి ఉంటుంది. వెనక టైర్ల జత కొత్తవి వేయాలంటే ముప్పై వేలు దాటుతుంది. గంటల మీటరును నమ్మవద్దు. పెడళ్ళ అరుగుదల చూడండి, అది అబద్ధం చెప్పదు.

ఏ కంపెనీది మంచిది అని చాలామంది అడుగుతారు. పాత బండి విషయంలో ఆ ప్రశ్న కన్నా, సామాను చిత్తూరులోనో తిరుపతిలోనో దొరుకుతుందా అన్నదే ముఖ్యం. ఐషర్ ట్రాక్టర్ల వ్యాపారం 2005లో టఫే చేతికి వెళ్ళింది, స్వరాజ్ 2007లో మహీంద్రా కిందికి వచ్చింది. ఆ బండ్లు ఇంకా తయారవుతున్నాయి కాబట్టి పాత మోడళ్ళకు కూడా సామాను దొరుకుతోంది. హెచ్‌ఎమ్‌టీ గట్టి బండే, కానీ ఆ ట్రాక్టర్ల విభాగాన్ని మూసేయాలని 2016లో కేంద్రం నిర్ణయించింది. అది కొనేవారు సామాను సంగతి ముందే తేల్చుకోవాలి. మిత్సుబిషి శక్తి అనే 18.5 హార్స్‌పవర్ బుల్లి బండి మామిడి చెట్ల మధ్య చక్కగా ఇముడుతుంది, ఎక్కువ బరువు మాత్రం పెట్టకూడదు. మీరు చేయవలసింది ఇది: బండి పేరు, మోడల్ రాసుకొని సామాన్ల దుకాణానికి వెళ్ళి క్లచ్ ప్లేటు, వాటర్ పంపు కిట్, లిఫ్ట్ సీళ్ళు ఉన్నాయా అని అడగండి. ఆ మూడూ బల్ల మీదికి వస్తే ధైర్యంగా ఉండవచ్చు.

కాగితాలు. మన వైపు రిజిస్టరైన 1998 బండికి ఏపీ 03 నంబరు ఉండాలి, అది అప్పటి చిత్తూరు జిల్లాది. ఏపీ 39 వరుస 2019లో వచ్చింది. రిజిస్ట్రేషన్ పదిహేనేళ్ళకు ముగుస్తుంది, ఆ తర్వాత ఐదేళ్ళకోసారి పొడిగించుకోవాలి. చాలా పాత బండ్లకు ఇది చేయించి ఉండరు. ఆర్‌సీలో బ్యాంకు అప్పు నమోదై ఉందేమో చూడండి. అప్పు ఎప్పుడో తీరిపోయిందని నోటి మాటగా చెబుతారు. బ్యాంకు ఇచ్చే నిరభ్యంతర పత్రం, ఫారం 35 లేకుండా ఆ నమోదు తొలగిపోదు. పేరు మార్పిడికి ఫారం 29, 30 మీద అమ్మినవారి సంతకాలు డబ్బు ఇచ్చే రోజే తీసుకోండి. మన జిల్లా అటు తమిళనాడుకూ ఇటు కర్ణాటకకూ ఆనుకొని ఉంది కదా, సరిహద్దు దాటి చౌకగా వచ్చే బండ్లు చాలా ఉంటాయి. వాటికి అక్కడి రవాణా కార్యాలయం ఇచ్చే నిరభ్యంతర పత్రం, ఫారం 28 తప్పనిసరి. అది చేతికి రాకుండా బయానా కూడా ఇవ్వకండి. చాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది, పడిన అచ్చును ఆర్‌సీతో అంకె అంకె పోల్చుకోండి. నా బండి కొన్నప్పుడు అమ్మినాయన మీద నమ్మకంతో సంతకాలు వారం తర్వాత తీసుకుందామనుకున్నాను. ఆ వారంలోనే ఆయన ఆసుపత్రి పాలయ్యారు. కాగితాలు నా పేరు మీదికి రావడానికి ఏడు నెలలు పట్టింది.

ఇక నిర్వహణ. మీరే చూసుకోగలరు, అందులో సందేహం అక్కరలేదు. పొద్దున పది నిమిషాలు చాలు. ఇంజిన్ ఆయిల్ మట్టం, రేడియేటర్ నీళ్ళు, ఎయిర్ క్లీనర్ గిన్నె. ఈ మూడూ చూడకుండా తాళం తిప్పకండి. ఎండాకాలపు దుక్కిలో, రోటావేటర్ తిరిగే రోజుల్లో ఆ గిన్నెను రోజూ విప్పాలి. సాయంత్రానికి అందులో ఆయిల్ ఉండదు, అడుగున రెండు వేళ్ళ మందాన ఎర్రటి బురద ఉంటుంది. పారబోసి, డీజిల్‌తో కడిగి, గీత దాకా మాత్రమే కొత్త ఆయిల్ పోయండి. గీత దాటి పోస్తే ఇంజిన్ ఆ ఆయిల్‌ను పీల్చుకుంటుంది, అదీ ప్రమాదమే.

ఇంజిన్ ఆయిల్‌ను కొత్త బండ్ల పుస్తకాల్లో ఉన్నట్లు 250 గంటల దాకా లాగకండి. నేను 100 గంటలకు ఒకసారి, గంటలు నిండకపోయినా ఏడాదికి ఒకసారి, ఫిల్టర్‌తో సహా మారుస్తాను. మీ వాడకానికి ఏడాదికి ఒకసారి అంటే సరిపోతుంది, తొలకరికి ముందు మార్చేయండి. గేరు ఆయిల్ సంగతిలో ఒక జాగ్రత్త. చాలా పాత బండ్లలో గేరు పెట్టెకూ లిఫ్ట్‌కూ ఒకటే ఆయిల్. అందులో చిక్కటి మామూలు గేరు ఆయిల్ పోస్తే లిఫ్ట్ మొరాయిస్తుంది. ఏది పోయాలో ఆ మోడల్ తెలిసిన మెకానిక్‌ను ఒక్కసారి అడిగి, డబ్బా పేరు షెడ్డు గోడ మీద రాసి పెట్టుకోండి.

నీళ్ళ విషయంలో నేను నష్టపోయాను. కొన్న మూడేళ్ళూ రేడియేటర్‌లో మా బోరు నీళ్ళే పోశాను. 2014 ఎండాకాలంలో బండి గంట నడిస్తే చాలు, ఉడికిపోయేది. థర్మోస్టాట్ మార్చాను, ఫ్యాను బెల్టు మార్చాను, లాభం లేకపోయింది. చివరికి రేడియేటర్ విప్పించి చూస్తే, నీళ్ళు కాచే గిన్నె అడుగున పట్టే తెల్లటి పెంకు లాంటిది గొట్టాల నిండా ఉంది. సగానికి పైగా గొట్టాల్లో చీపురు పుల్ల కూడా దూరలేదు. అప్పటి నుంచి వాన నీళ్ళు పట్టి ఉంచుకొని కూలెంట్ కలిపి పోస్తున్నాను. వాన నీళ్ళు లేకపోతే డబ్బా నీళ్ళు కొనండి, రేడియేటర్‌కు పట్టేది ఎంతో కాదు. బయటి రెక్కల్లో ఇరుక్కున్న గడ్డి నుసిని వెనక వైపు నుంచి గాలి కొట్టి తీయండి. వేడి మీద మాత్రం మూత తీయవద్దు.

డీజిల్ డబ్బాల్లో తెస్తారు కాబట్టి ఒక పూట కదలకుండా ఉంచి, పై భాగం మాత్రం ట్యాంకులో పోయండి. పని అయ్యాక సాయంత్రమే నింపి పెడితే రాత్రి చలికి ఖాళీ ట్యాంకులో పట్టే చెమ్మ ఉండదు. ఫిల్టర్ గిన్నె అడుగున నీళ్ళు చేరితే మరను వదులు చేసి దించేయండి. నడుస్తున్న బండి గాలి పట్టి ఆగిపోతే భయపడకండి. ఫిల్టర్ మీది చిన్న స్క్రూ వదులు చేసి, చేతి పంపు కొడుతూ ఉంటే మొదట నురగ వస్తుంది, తర్వాత బుడగలు తగ్గి డీజిల్ నిండు ధారగా వస్తుంది. పంపు కొడుతూనే బిగించండి. ఒకసారి మెకానిక్ పక్కన కూర్చొని చూస్తే మీ నాన్నగారు కూడా చేయగలరు. డీజిల్ పంపు సీలు తీసి ‘కాస్త పవర్ పెంచుతాను’ అనేవారిని మాత్రం దగ్గరికి రానివ్వకండి.

నాలుగెకరాల బండి పనితో కన్నా ఖాళీగా నిలబడే ఎక్కువ పాడవుతుంది. వారానికి ఒకసారి ఇరవై నిమిషాలు నడపండి, స్టార్ట్ చేసి వెంటనే ఆపేయడం వల్ల బ్యాటరీ అరగడం తప్ప ఉపయోగం లేదు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన వైపు ముసురు పడుతుంది కదా, ఆ చెమ్మకు క్లచ్ ప్లేటు ఫ్లైవీలుకు తుప్పుతో అతుక్కుపోతుంది. చాలా రోజులు నిలిపేటట్లయితే క్లచ్ పెడల్ పూర్తిగా నొక్కి, ఒక కర్ర ముక్క అడ్డం పెట్టి ఉంచండి. సైలెన్సర్ మీద డబ్బా బోర్లించండి. వైరింగ్‌ను ఎలుకలు కొరుకుతాయి, కాబట్టి వేరుశనగ బస్తాలూ దాణా ఉన్న కొట్టంలో బండి పెట్టకండి.

నడిపేది ఎక్కువగా నాన్నగారే అని రాశారు. అందుకని ఇది కొన్న మొదటి రోజే చేయించండి: పీటీఓ షాఫ్టుకు తొడుగు. పాత బండ్లకు అది దాదాపుగా ఉండదు. పంచె కొసో తువ్వాలో ఆ షాఫ్టుకు చుట్టుకుంటే ఇంజిన్ ఆపే వ్యవధి ఉండదు. స్ప్రేయర్ నడిచేటప్పుడు పంచె వద్దని, ప్యాంటు వేసుకోమని గట్టిగా చెప్పండి, కోప్పడినా సరే. రెండో సంగతి, వెనక చక్రాలకు విడివిడిగా రెండు బ్రేకు పెడళ్ళు ఉంటాయి. తోటలో మలుపులకు అది వీలు, రోడ్డు మీద ఒక్కటే నొక్కితే బండి పక్కకు లాగి పల్టీ కొడుతుంది. రెండింటినీ కలిపే గొళ్ళెం ఒకటి ఉంటుంది, రోడ్డు ఎక్కే ముందు అది వేయాలి. చాలా పాత బండ్లలో ఆ గొళ్ళెం ఊడిపోయి ఉంటుంది, వెల్డింగ్ షాపులో చేయించుకోవచ్చు. మూడోది, మొగిలి ఘాటు, భాకరాపేట ఘాటు లాంటి చోట్ల లోడు ట్రాలీతో దిగవలసి వస్తే, ఎక్కడానికి ఏ గేరు పడుతుందో దిగడానికీ అదే గేరు. డీజిల్ మిగులుతుందని న్యూట్రల్‌లో వదిలిన బండ్లు లోయలోంచి షెడ్డుకు వచ్చాయి, నా చేతులతో విప్పాను.

చూసి వచ్చాక ఆ రబ్బరు గొట్టంలో వేలికి ఏం అంటిందో, డిప్ స్టిక్ మీద ఆయిల్ ఏ రంగులో ఉందో రాయండి. ఆ రెండూ తెలిస్తే లక్షా అరవై వేలలో ఎంత తగ్గించి అడగాలో చెబుతాను.